నాన్నగారి రాళ్లపెట్టె ఎక్కడిది? ‘డి.ఎస్. 47’ ఏ కంపెనీ?

పెదవాల్తేరు_మాస్టారి_అమ్మాయి:

అందరికీ నమస్కారం. ఇక్కడ నాకిదే మొదటి పోస్టు. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మా నాన్నగారు హైస్కూల్లో సైన్సు మాస్టారు. 1959లో చేరి 1994లో రిటైరయ్యారు. పోయిన కార్తీకంలో కాలం చేశారు. పెదవాల్తేరులో ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద, ఇత్తడి బిందెల వెనకాల, పాత దుప్పటిలో చుట్టిన టేకు పెట్టె ఒకటి దొరికింది. చిన్నప్పుడు దాన్ని చూసినట్టు లీలగా గుర్తు. “ముట్టుకుంటే చేతులు కడుక్కో” అని నాన్నగారు అనడం మాత్రం బాగా గుర్తుంది.

ఆ పెట్టె ఇంటికెలా వచ్చిందో అమ్మ చెప్పింది. ఆయన పనిచేసిన ఒక స్కూల్లో కొత్త ల్యాబ్ కట్టినప్పుడు పాత సామానంతా కండెమ్ చేసి వరండా బయట పడేశారట. రెండు రోజులు వానలో నానింది. అడిగితే “తీసుకుపొండి మాస్టారూ, ఎలాగూ చెత్తకే” అన్నారట. రిక్షాలో వేసుకొచ్చారు. 1980 ప్రాంతం. అలాంటి పెట్టెలే ఇంకో రెండు ఉండేవట, మర్నాడు వెళ్లేసరికి అవి లేవు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

ఇప్పుడు పెట్టె సంగతి. పొడవు జానెడున్నర పైన, ఇత్తడి కొక్కెం, లోపల ఒకదాని మీద ఒకటి రెండు అరలు. పై అర ఎత్తడానికి రెండు వైపులా గుడ్డ పట్టీలు. అరకి 20 గడులు, మొత్తం 40. ప్రతి గడి అంచున అచ్చువేసిన అంకె, గుండ్రటి చిన్న కాగితం మీద. మూత లోపల ఇంగ్లీషులో అచ్చువేసిన జాబితా అతికించి ఉంది: వరస సంఖ్య, ఖనిజం పేరు, దొరికిన చోటు. పై భాగాన్ని పురుగు తినేసింది. కంపెనీ పేరు ఉండాల్సిన చోటే పోయింది. ‘కలకత్తా’ అన్న మాటలో చివరి నాలుగు అక్షరాలు మాత్రం మిగిలాయి.

చదవగలిగినవి కొన్ని రాస్తున్నాను. అభ్రకం – హజారీబాగ్. మాంగనీసు – కోడూరు, వైజాగపటం డిస్ట్రిక్ట్. బాక్సైట్ – కట్నీ, సి.పి. కైనైట్ – లాప్సా బురు, ఖర్సావాన్ స్టేట్. మోనజైట్ ఇసుక – ట్రావంకూర్. మాగ్నసైట్ – సేలం. గెలీనా – బాడ్విన్, బర్మా. క్రోమైట్ – బెలూచిస్తాన్. గంధకం – సిసిలీ. ఫ్లోర్‌స్పార్ – డెర్బీషైర్. గ్రాఫైట్ – సిలోన్.

నాకు అంతుపట్టనివి ఇవి.

పెట్టె పక్కన తెల్ల రంగుతో ‘డి.ఎస్. 47’ అని రాసి ఉంది. ఆ పేరుతో రాళ్లు అమ్మే కంపెనీ ఏదైనా ఉండేదా అని నెట్‌లో వారం రోజులు వెతికాను. 47 అంటే 1947 అనుకోవాలా? అడుగున పెన్సిల్‌తో ‘42-8-0’ అని ఉంది. ఇది కేటలాగ్ నంబరా?

12వ గడి ఖాళీ. జాబితాలో ఆ వరసే పురుగు తినేసింది. అట్ట ఉబ్బిపోయి, అడుగున తెల్లగా ఏదో పేరుకుని ఉంది. ఎవరో విలువైన రాయి తీసేశారని మా తమ్ముడి అనుమానం.

ఐదు గడుల్లో అచ్చు అంకెతో పాటు నాన్నగారి చేతిరాతలో తెలుగు చీటీలు కూడా ఉన్నాయి. 23లో నల్లటి బరువైన రాయి, చీటీ మీద “మాంగనీసు, గరివిడి, శ్రీకాకుళం జిల్లా”. గరివిడి విజయనగరం జిల్లా కదా! జిల్లాల పటం పిల్లలచేత గుడ్డిగా గీయించగలిగిన మనిషి ఇలా ఎందుకు రాశారో నాకు అర్థం కాలేదు. ఆ చీటీ వెనక ఇంకో వాక్యం ఉంది: “అయస్కాంతం గట్టిగా పట్టుకుంటోంది. ఎందుకు?”

అమ్మే ఉద్దేశం లేదు. ఈ పెట్టె ఎవరు కూర్చారో, ఎప్పటిదో తెలిస్తే చాలు. ఫొటోలు పెట్టాను.

రాళ్ల_సంచి:

మేడమ్, చాలా మంచి పెట్టె. నేను పాత లేబుళ్లు సేకరిస్తాను, అందుకే ముందు అటువైపు నుంచి చెబుతాను.

పూర్వం కాలేజీలకీ స్కూళ్లకీ ఇలాంటి సెట్లు సరఫరా చేసిన పెద్ద సంస్థలు విదేశాల్లో ఉండేవి. జర్మనీలో క్రాంట్జ్ 1833లో మొదలై 1850లో బాన్‌కి మారింది. లండన్‌లో గ్రెగొరీ 1858 నుంచి, అదే తర్వాత గ్రెగొరీ బాట్లీ అయింది. అమెరికాలో రోచెస్టర్‌లోని వార్డ్స్ 1862 నుంచి. వీళ్ల సరుకైతే ఎక్కువగా రాయితో పాటే చీటీ వస్తుంది, చీటీ మీద కంపెనీ పేరూ ఊరూ అచ్చులో ఉంటాయి. క్రాంట్జ్ చీటీల మీద ‘రైనిషెస్ మినరాలియెన్ కాంటోర్, బాన్’ అని స్పష్టంగా కనిపిస్తుంది. మినరలాజికల్ రికార్డ్ పత్రిక వాళ్లు ఇలాంటి పాత చీటీల బొమ్మలు వ్యాపారుల పేర్ల వారీగా నెట్‌లో పెట్టారు, పోల్చి చూసుకోవచ్చు.

మీ పెట్టెలో విడి చీటీలు లేవు, అంకెలూ మూత జాబితా మాత్రమే. పైగా 40లో సింహభాగం మన దేశపు రాళ్లు. కాబట్టి ఇది కలకత్తాలో కూర్చిన సెట్టే. సిసిలీ గంధకం, డెర్బీషైర్ ఫ్లోర్‌స్పార్ లాంటివి మాత్రం విదేశీ వ్యాపారుల దగ్గర విడిగా కొని కలిపి ఉంటారు.

ఒక్క మనవి. జాబితా కాగితాన్ని ఊడదీయకండి. గది చీకటి చేసి, టార్చ్‌ని కాగితానికి అడ్డంగా, దాదాపు ఆనించి పట్టుకుని చూడండి. రబ్బరు స్టాంపు వేసి ఉంటే సిరా వెలిసిపోయినా గుర్తు తేలుతుంది.

డి.ఎస్. అన్న వ్యాపారి పేరు మాత్రం నేనెప్పుడూ వినలేదు.

చాక్‌పీసు_చేతులు:

డి.ఎస్. అంటే కంపెనీ కాదండీ. డెడ్ స్టాక్!

ముప్పై ఏళ్లు స్కూళ్లలో ల్యాబ్ చూసుకున్నాను. ఆమ్లాలు, దూది, స్పిరిట్ లాంటి ఖర్చైపోయే సామానుకి ఒక రిజిస్టరు, బల్లలు, త్రాసులు, మైక్రోస్కోపుల్లాంటి వాటికి డెడ్ స్టాక్ రిజిస్టరు. ప్రతి వస్తువు మీదా ఆ రిజిస్టరులోని వరస నంబరు తెల్ల రంగుతో రాసి తీరాలి, లేకపోతే ఆడిట్ వాళ్లు ఊరుకోరు. కాబట్టి 47 మీ పెట్టె వరస నంబరు, సంవత్సరం కాదు.

42-8-0 అంటే 42 రూపాయల 8 అణాల 0 పైలు. మా నాన్న కిరాణా కొట్టు చిట్టాల్లో ఇలాగే ఉండేది. 1957 ఏప్రిల్ 1 నుంచి దశాంశ నాణేలు వచ్చాయి, అణాలు పోయాయి. ధర అణాల్లో ఉంది కాబట్టి మీ పెట్టె అంతకు ముందే కొన్నది. ఆ రోజుల్లో 42 రూపాయలంటే చిన్న మొత్తం కాదు. అలాంటి వస్తువుని వానలో పెట్టారంటే నాకూ బాధగానే ఉంది.

ఆ స్కూలు డెడ్ స్టాక్ రిజిస్టరు ఇప్పటికీ ఉంటే 47వ వరసలో కొన్న తేదీ, ఎవరి దగ్గర కొన్నారు, బిల్లు నంబరు అన్నీ ఉంటాయి. కండెమ్ చేసినప్పుడు ఎదురుగా ఎర్ర సిరాతో రాస్తారు. పాత రిజిస్టర్లు పారేయడానికి భయపడతారు, బీరువా పైన కట్టకట్టి పెట్టి ఉంటారు. వెళ్లి మర్యాదగా అడగండి.

తూర్పుకనుమల_పెద్దాయన:

అమ్మా, నేను యూనివర్సిటీలో జియాలజీ చదివి, గనుల్లో పనిచేసి విశ్రాంతిలో ఉన్నవాణ్ని. మీ ఫొటోలు నిన్న రాత్రంతా చూశాను. చెప్పాల్సింది చాలా ఉంది.

ముందు 12వ గడి. అక్కడ ఎవరూ ఏమీ దొంగిలించలేదు. ఇలాంటి సెట్లో ఉండి తీరాల్సినదీ, మిగతా జాబితాలో కనిపించనిదీ ఒకటుంది: రాతి ఉప్పు. పంజాబ్ సాల్ట్ రేంజ్‌లోని ఖేవ్రా గనుల నుంచి వచ్చేది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు నీరు పీల్చి కరగడం మొదలవుతుంది. మన విశాఖలో సముద్రపు గాలికి ఏడాదిలో ఎన్ని రోజులు అంతకు తక్కువ ఉంటుంది? ఏళ్ల తరబడి కరిగి, అట్టలోకి ఇంకి, ఎండాకాలంలో మళ్లీ పొడిలా తేలింది. అట్ట ఉబ్బడానికి కారణం అదే. ఆ తెల్ల పొడిని రెండు చుక్కల నీళ్లలో కలిపి చూడండి, ఉప్పైతే పూర్తిగా కరిగిపోతుంది. నోట్లో మాత్రం పెట్టుకోవద్దు, పక్క గడుల్లో సీసం ఖనిజం ఉంది.

ఇక కాలం సంగతి. ఇలాంటి జాబితాల్లో ఖనిజాల పేర్ల కంటే ఊళ్ల పక్కన రాసిన రాజ్యాల పేర్లు ఎక్కువ చెబుతాయి. ఖర్సావాన్ సంస్థానం 1948లో విలీనమైంది. ట్రావంకూర్ 1949లో కొచ్చిన్‌తో కలిసింది. సి.పి., అంటే సెంట్రల్ ప్రావిన్సెస్, 1950లో మధ్యప్రదేశ్ అయింది. ఇవన్నీ పాత పేర్లతోనే ఉన్నాయి కాబట్టి ఈ జాబితా 1948కి ముందు కూర్చినది. ఇంకోవైపు లాప్సా బురు కైనైట్ 1920ల నుంచే పేరుకొచ్చింది, కాబట్టి అంతకంటే పాతది కాదు. అచ్చు ఆ పాతికేళ్లలో ఎప్పుడో. అయితే వ్యాపారులు ఒకసారి అచ్చేయించిన జాబితానే నిండుకునేదాకా అతికించేవారు. కనుక పెట్టె స్కూలుకి చేరింది 1950ల్లో కూడా కావచ్చు.

జియలాజికల్ సర్వే (ప్రభుత్వ భూగర్భ పరిశోధన సంస్థ) కూడా ఆ రోజుల్లో విద్యాసంస్థలకి ఖనిజాల సెట్లు ఉచితంగా ఇచ్చేది. ఎవరెవరికి ఇచ్చారో వాళ్ల వార్షిక నివేదికల్లో రాసేవారు కూడా. కానీ మీ పెట్టె మీద ధర ఉంది, అంటే దానంగా వచ్చింది కాదు, కొన్నదే.

ఇప్పుడు మీ నాన్నగారి చీటీ దగ్గరికి వస్తాను. అమ్మా, ఆయన తప్పు రాయలేదు. 1950లో వైజాగపటం జిల్లా నుంచి శ్రీకాకుళం జిల్లాని విడదీసినప్పుడు చీపురుపల్లి తాలూకా శ్రీకాకుళంలోకి వెళ్లింది. గరివిడి, కోడూరు ఆ వైపే. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు చీపురుపల్లి, బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం తాలూకాలు ఇటు వచ్చాయి. ఒకే చోటికి మీ మూత లోపల ‘వైజాగపటం’ అని, గడిలో ‘శ్రీకాకుళం’ అని ఉన్నాయి. రెండూ వాటి వాటి కాలానికి సరైనవే. అచ్చు జాబితా 1950కి ముందుదనడానికి అదొక రుజువు. మీ నాన్నగారి చీటీ 1979కి ముందుది. పెట్టె మీ ఇంటికొచ్చింది 1980లో అంటున్నారు. అంటే ఆయన ఆ రాళ్లని పెట్టె ఇంకా స్కూల్లో ఉండగానే చేర్చారన్నమాట. ఆ పెట్టెతో పాఠం చెప్పేవారు కాబట్టే పడేస్తుంటే చూడలేకపోయారు.

ఆ గడుల్లో రాళ్ల కింద మడతపెట్టిన న్యూస్‌పేపరు ఉంటుంది, చూశారా? ఉంటే దాని మీద ఏముందో చెప్పండి.

23వ రాయి గురించి. భారతదేశంలో మాంగనీసు తవ్వకం మొదలైందే కోడూరులో, 1892 ప్రాంతంలో. జియలాజికల్ సర్వేలో పనిచేసిన ఫెర్మోర్ 1909లో మన దేశపు మాంగనీసు మీద ఒక పెద్ద మెమోయిర్ (పరిశోధన గ్రంథం) రాశాడు. నాగపూర్ దగ్గర బెల్డోంగ్రీ, ఇక్కడ గరివిడి, ఈ రెండు చోట్లా దొరికిన ఒక ఖనిజం అయస్కాంతానికి గట్టిగా అంటుకోవడం చూసి, సర్వేలోని వ్రెడెన్‌బర్గ్ పేరు మీద దానికి ‘వ్రెడెన్‌బర్గైట్’ అని పేరు పెట్టాడు. మామూలు మాంగనీసు ఖనిజాలు అలా అంటుకోవు. తర్వాతి కాలంలో సూక్ష్మదర్శిని కింద చూస్తే అది ఒక ఖనిజం కాదనీ, జాకబ్‌సైట్, హౌస్‌మనైట్ అనే రెండు ఖనిజాలు పొరలు పొరలుగా అల్లుకున్నవనీ తేలింది. జాకబ్‌సైట్‌లో ఇనుము ఉంటుంది, అయస్కాంతం పట్టుకునేది దాన్ని. మీ నాన్నగారు “ఎందుకు?” అని రాసుకున్నదానికి జవాబు ఇదే కావచ్చు.

ఫొటో చూసి ఖాయంగా చెప్పలేను. మాగ్నటైట్ కూడా నల్లగా ఉంటుంది, అదీ అంటుకుంటుంది. బాత్రూం టైలు ఒకటి తిరగేసి, గరుకు వైపు రాయి మూలతో గీయండి. గీత నల్లగా వస్తే మాగ్నటైట్. గోధుమ రంగు తిరిగితే మన అనుమానం బలపడుతుంది.

రాళ్ల_సంచి:

పెద్దాయన గారూ, జిల్లాల లెక్క నాకు తట్టనే లేదు. ధన్యవాదాలు.

మేడమ్, జాగ్రత్తలు రెండు. మోనజైట్‌లో థోరియం ఉంటుంది, దానికి రేడియోధార్మికత ఉంది. ఆ గాజు గొట్టం బిరడా తీయకండి, పెట్టెని పడగ్గదిలో పెట్టకండి. ఫొటో 6లో పీచు పీచుగా ఉన్నది రాతినార (ఆస్బెస్టాస్). గోరుతో గిల్లకుండా గడితో సహా జిప్ కవర్లో పెట్టేయండి. 31లో పైరైట్ చుట్టూ పసుపు పొడి కనిపిస్తోంది. చెమ్మకి పైరైట్ విరిగి ఆమ్లం పుడుతుంది, అది అట్టనీ చీటీనీ తినేస్తుంది. దాన్ని విడిగా తీసి, సిలికా జెల్‌తో డబ్బాలో ఉంచండి. నీళ్లతో దేన్నీ కడగకండి.

పెదవాల్తేరు_మాస్టారి_అమ్మాయి:

ఈ మూడు రోజులూ ఇదే పని. అందరికీ ఒకేసారి చెబుతున్నాను.

గరిటె కాడతో తెల్ల పొడి కొంచెం తీసి నీళ్లలో వేశాను. కలపకుండానే కరిగిపోయింది. తమ్ముడు పక్కనే నిలబడి చూశాడు.

రాత్రి కరెంటు తీసేసి టార్చ్ అడ్డంగా పట్టుకుంటే జాబితా కింది కుడి మూలలో కోలగా స్టాంపు గుర్తు తేలింది. పేరు చెరిగిపోయింది కానీ ‘బౌబజార్ స్ట్రీట్’ అని చదవగలిగాను. ఫొటో 11 చూడండి. ఆ వీధిలో ల్యాబ్ సామాను అమ్మినవారి పాత బిల్లులు, కేటలాగులు ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి చెప్పండి.

న్యూస్‌పేపరు ఉంది సర్! నాన్నగారి ఐదు రాళ్ల కిందా ఉంది, అచ్చు రాళ్ల కింద లేదు, వాటి కింద దూది ఉంది. 23 కింద ముక్క విప్పితే సినిమా హాలు ప్రకటన, టిక్కెట్టు ‘40 న.పై.’ అని ఉంది. నయా పైసలు 1957 నుంచి 1964 దాకానే కదా. నాన్నగారు 1959లో చేరారు. అంటే ఉద్యోగంలో చేరిన మొదటి ఐదేళ్లలోనే ఇది చేశారు. అప్పటికి ఆయనకి ముప్పై ఏళ్లు కూడా నిండి ఉండవు.

అమ్మని మళ్లీ అడిగాను. పెళ్లయిన కొత్తలో ఆదివారం ఆదివారం స్కూలు పిల్లల్ని వెంటబెట్టుకుని ప్యాసింజర్‌లో గరివిడి వెళ్లేవారట, గుడ్డసంచిలో రాళ్లు మోసుకొచ్చేవారట. “చొక్కా జేబులన్నీ నల్లగా అయ్యేవి, ఎంత ఉతికినా పోయేది కాదు” అంది. మిగతా నాలుగు చీటీలు ఇప్పుడు వేరేగా కనిపిస్తున్నాయి. “అపటైట్, కాశీపట్నం.” లేత ఆకుపచ్చ రాయి, వేలెడంత. “కాకిబంగారం, గూడూరు, నెల్లూరు జిల్లా.” “ఖొండలైట్, సింహాచలం కొండ.” ఇంకొకటి పెన్సిలిన్ ఇంజెక్షన్ సీసా, రబ్బరు మూతతో. లోపల ఇసుక. చీటీ మీద “భీమిలి. ఎరుపు గార్నెట్, నలుపు ఇల్మనైట్.” సీసాని వంచితే నలుపు ఒకవైపు, ఎరుపు ఒకవైపు జారుతున్నాయి. కలకత్తా నుంచి వచ్చిన రాళ్లు పోయిన గడుల్ని ఆయన మన చుట్టుపక్కల దొరికేవాటితో నింపుకుంటూ వచ్చారు.

23వ రాయికి ఫ్రిజ్ మీది అయస్కాంతం తగిలిస్తే ‘టక్’మని అంటుకుంది, లాగితే రాయి కూడా లేచింది. టైలు వెనక గీశాను. గీత నలుపు కాదు సర్. ముదురు కాఫీపొడి రంగు. పక్కనే గుండుసూదులు పట్టే ఇంకో నల్లరాయి, 18వది, జాబితాలో మాగ్నటైట్ అని ఉన్నది, దాంతో కూడా గీశాను. అది అచ్చం నలుపు. రెండు గీతలూ ఒకే టైలు మీద ఫొటో 14లో ఉన్నాయి.

స్కూలుకి సోమవారం వెళ్తాను. రిజిస్టరు దొరికితే 47వ వరస ఫొటో ఇక్కడే పెడతాను.

తూర్పుకనుమల_పెద్దాయన:

ఫొటో 14 చూశాను తల్లీ. ఆ రాయిని చిన్న ముక్క కూడా కొట్టకండి. యూనివర్సిటీ జియాలజీ డిపార్ట్‌మెంట్‌కి పెట్టెతో సహా తీసుకెళ్లండి. రాయిలో ఇప్పటికే విరిగి ఉన్న అంచు ఉంటే దాన్ని నునుపు చేసి, కాంతి పరావర్తనంతో చూసే సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తారు. పొరలు కనిపిస్తే ఇక అనుమానం ఉండదు. చీటీని మాత్రం రాయి నుంచి విడదీయనివ్వకండి, ఎవరడిగినా సరే.

35వ గడిలో చీటీ లేదు, అంకె చిరిగి ఉంది, ఫొటోలో నీడ పడింది. అది పెట్టెతో వచ్చిందా, మీ నాన్నగారు పెట్టిందా? కింద దూది ఉందా, పేపరు ఉందా?

పెదవాల్తేరు_మాస్టారి_అమ్మాయి:

కింద పేపరే ఉంది సర్. అంటే ఐదు కాదు, ఆరు. రేపు పొద్దున్న డాబా మీద ఎండలో పెట్టి ఫొటో తీస్తాను.